నెలవంక మీట

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ ఆ మాటలో మొదటి సగాన్ని నమ్ముకుని యాభై మూడేళ్ళు నెట్టుకొచ్చింది. రెండో సగం దాకా వెళ్ళే తీరిక ఎప్పుడూ దొరకలేదు. వాన పడితే గోడ కూలుతుందేమో, పడకపోతే కుళాయి ఎండుతుందేమో. భర్త బేకరీ వాళ్ళ వ్యాను నడిపేవాడు. తెల్లవారకముందే వెళ్ళి, పదకొండింటికి వచ్చి, ఇంత తిని మధ్యాహ్నమంతా పడుకునేవాడు. ఆయన గురక కాసేపు ఆగిందంటే ఆవిడ చేతిలో పని వదిలేసి గుమ్మం దాకా వెళ్ళి, దుప్పటి కదులుతోందో లేదో చూసుకుని వచ్చేది.

"నీ భయాలన్నీ నిజమైతే మనం ఈపాటికి నలభైసార్లు పోయుండాలి" అనేవాడాయన.

"నలభై ఒకటోసారి పోమని రాసిచ్చారా ఎవరైనా?" అనేదావిడ.

వీధి వైపు గదిలో ఆవిడ పని. గోడవారగా ఆరు సూదుల ఎంబ్రాయిడరీ మిషను, దాని పక్క బల్ల మీద కంప్యూటరు, రెండింటికీ మధ్య బొటనవేలంత లావు కేబులు. స్కూలు చొక్కాల మీద గుర్తులు, హోటలు తువ్వాళ్ళ మీద పేర్లు, ఆటల క్లబ్బుల బ్యాడ్జీలు, ఏదైనా సరే ముందు కంప్యూటర్లో కుట్టు కుట్టుగా గీయాలి. ఆ తర్వాతే మిషను దాన్ని గుడ్డ మీదికి దించుతుంది. గీసే ప్రోగ్రాము ఏనాటిదో. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతబడి పన్నెండేళ్ళు దాటింది. పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద తప్ప అది నడవదు. తీసేసి మళ్ళీ ఎక్కిద్దామంటే అది అడిగే నంబరు చెప్పేవాళ్ళు లేరు. అందుకని ఆవిడ ఆ కంప్యూటరును పురిటి బిడ్డలా చూసుకునేది. పని అయ్యాక మీద గుడ్డ కప్పేది. ఉరిమితే ప్లగ్గు పీకేది. దాని ఎదురుగా ఎవరైనా తుమ్మినా సహించేది కాదు.

కూతురికి ఇరవై నాలుగేళ్ళు. సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం ఒకటి పడింది. రాతపరీక్ష గట్టెక్కినవాళ్ళు ఏడుగురు, అందులో ఈ పిల్ల ఒకతి. వాళ్ళకి తలా ఒక పేట పంచి, అందులో మురుగుకాలువలన్నీ నడిచి కొలిచి, ముప్పై ఒక్క పటాలు గీసి, నెలాఖరు శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ఇవ్వమన్నారు. అయిదు దాటి ఒక్క నిమిషమైనా తీసుకోరట. ఇరవై అయిదు దాటినవాళ్ళని ఆ ఆఫీసు పిలవదు, అంటే ఆ పిల్లకి ఇదే ఆఖరి పిలుపు. ఇంతకుముందు రెండు ఉద్యోగాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. రెండుసార్లూ ఆ పిల్ల వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈసారి తప్పిపోతే ఎన్ని వారాలో అని తల్లి అప్పుడే మొదలుపెట్టింది.

చిక్కల్లా ఒక్కటే. పటాలు గీసే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది గాని, అంత పాత సిస్టమ్ మీద నడవదు. ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటరు. కూతురు ఆలోచించి, ఒకే కంప్యూటర్లో రెండు సిస్టమ్‌లు పెడదామంది. పాతది పాతదే, దాని పక్కన కొత్తది. కంప్యూటరు స్విచ్చి వేయగానే ఏది కావాలని అడుగుతుంది, కావలసినది తెరుచుకోవచ్చు.

"ఒక ఒరలో రెండు కత్తులా?" అంది తల్లి.

రెండూ ఒకేసారి నడవవని కూతురు చెప్పింది. ఒకటి లేచి తిరుగుతున్నంతసేపు రెండోది లేనట్టే. తల్లి వినలేదు. దానికి జలుబు చేస్తే దీనికి అంటుకోదా, అదీ ఇదీ కొట్టుకుంటే మధ్యలో నా బొమ్మలేం కావాలి, అసలు ఆ పెట్టె రెండు కాపురాల బరువు మోస్తుందా, కరెంటు ఎక్కువ లాగి వైర్లు అంటుకుంటే మీ నాన్న ఆ వెనక గదిలో పడుకుని ఉంటాడే అని ఒకటే నస. చివరికి వీధి మలుపులో కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించారు. ఎవరు ఏ జబ్బు చెప్పినా "ఒకసారి ఆపి చూడండి" అనడం అతనికి అలవాటు కనుక, ఆ చుట్టుపక్కల అందరూ అతన్ని ఆపిచూడు అనే పిలుస్తారు. అసలు పేరు అతని రేషను కార్డుకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆపిచూడు పెట్టె విప్పి చూసి, నిక్షేపంగా పెట్టుకోవచ్చన్నాడు. "గోడ కట్టి రెండు వాటాలు చేస్తామక్కా. నీ వాటాలోకి కొత్తది రాదు. నీ సామాను ఎక్కడిదక్కడే."

"నాకెంత, దానికెంత?"

"అయిదొందల జీబీలో సగం సగం అనుకుంటే..."

సగమనగానే ఆవిడ మొహం మాడిపోయింది. రేపు బొమ్మలు ఎక్కువైతే, ఎల్లుండి ఏదైనా పెద్ద ఆర్డరు వస్తే? బేరం మొదలైంది. కూతురు రెండొందలంది, నూటయాభై అంది, వంద అంది. తల్లి నలభై దగ్గర కూర్చుంది. లేవలేదు.

"ఇది వాటా కాదమ్మా, అరుగు" అంది కూతురు.

అరుగే అయింది. కొత్త సిస్టమ్ అందులో కూర్చున్నాక కాళ్ళు చాపుకోవడానికి చోటు మిగల్లేదు. పటాలు ఒక్కొక్కటీ బండరాయంత. అందుకని కూతురు తల్లి వాటాలోనే ఒక ఫోల్డరు పెట్టి, తన వైపు నుంచి తలుపు తీసుకుని, గీసినవన్నీ అందులో దాచుకునేది. ఎందుకైనా మంచిది, ఇంకోచోట కూడా ఒక కాపీ పెట్టుకోవే అని తల్లి రెండు మూడుసార్లు చెప్పింది. "నీ గదిలో పెట్టుకున్నానమ్మా, లోకంలో అంతకంటే భద్రమైన చోటు ఉందా" అని కూతురు నవ్వేసింది.

రోజూ కంప్యూటరు పెట్టగానే నల్లటి తెర మీద రెండు వరుసలు వచ్చేవి. పది సెకన్లు ఊరుకుంటే కొత్తదే తెరుచుకుంటుంది. పాతది కావాలంటే కింది బాణం నొక్కాలి. ఆవిడ ఆ పది సెకన్లూ ఊపిరి బిగబట్టేది. కింది బాణం మీట మీద ఎర్ర దారం ముక్క అంటించుకుంది, కంగారులో వేలు తప్పకుండా.

కూతురు పెట్టిన నియమం ఒక్కటే. పని అయ్యాక పూర్తిగా ఆపాలి. షట్ డౌన్ నొక్కాలి, అది సెలవు తీసుకుని వెళ్ళేదాకా కూర్చోవాలి, అప్పుడే లేవాలి. "సరే" అంది తల్లి. అన్నప్పుడు నిజంగానే అంది.

నెల మొదటి వారం అంతా సవ్యంగానే నడిచింది. కూతురు తొమ్మిది పటాలు గీసింది. మధ్యలో నాలుగైదుసార్లు కరెంటు పోయింది. పోయినప్పుడల్లా కొత్త సిస్టమ్, పక్కవాటా తలుపు సరిగ్గా వేసి లేదు, అయినా లోపలికి వెళ్ళనా అని అడిగేది. వెళ్ళమని చెప్పి చెప్పి విసుగెత్తి, ఇక అడక్కుండా దూరిపొమ్మని కూతురు ఎక్కడో ఒక ముక్క రాసి పెట్టింది. ఆ సంగతి తల్లికి చెప్పలేదు. చెప్పేటంత పెద్దదనుకోలేదు. ఆ తర్వాత టేపు, నోటు పుస్తకం పట్టుకుని మిగతా వీధులు కొలవడానికి బయలుదేరింది. పదకొండు రోజులు కంప్యూటరు జోలికి రాలేదు.

ఆ పదకొండు రోజుల్లోనే తల్లికి ఫైర్ స్టేషను వాళ్ళ పని తగిలింది. అరవై రెండు భుజం బ్యాడ్జీలు. నిచ్చెన, దాని వెనక మంట. నమూనాగా ఒక పాత బ్యాడ్జీ ఇచ్చారు, ఉతికి ఉతికి మంటలో ఏది ఎరుపో ఏది నారింజో తెలియకుండా పోయింది. నిచ్చెన తేలికే. మంటే ఆవిడ ప్రాణం తీసింది. ఒక రంగు కుట్టు పక్క రంగులోకి పళ్ళు పళ్ళుగా దూరాలి. లేకపోతే అది మంటలా ఉండదు, కూరగాయలా ఉంటుంది. రోజుకి రెండు నాలుకలు వచ్చేవి. ఒక్కోరోజు ఒకటే.

ఇక్కడ ఆవిడ రహస్యం ఒకటి చెప్పాలి. ఆవిడ సేవ్ చేయదు. మూడేళ్ళ క్రితం ఒకసారి సేవ్ నొక్కితే, ఈ పేరుతో ఇదివరకే ఒకటుంది, దాని స్థానంలో దీన్ని పెట్టనా అని కంప్యూటరు అడిగింది. ఆవిడ మర్యాదగా పెట్టమంది. వెళ్ళిపోయింది, పాత స్కూలు గుర్తు, అయిదేళ్ళుగా ఏటా కుడుతున్నది. ఆనాటి నుంచి ఆ ప్రశ్న అంటేనే ఆవిడకి గుండె జారుతుంది. చిన్న బొమ్మలైతే ఆ పూటకి ఆ పూట గీసి, కుట్టేసి, ఎలాగో కళ్ళు మూసుకుని సేవ్ చేసేది. ఈ మంట అలా తెమిలేది కాదు. సగం మంట మీద ఆ ప్రశ్న ఎదుర్కోవడం ఆవిడ వల్ల కాలేదు.

కీబోర్డు పైవరుసలో నెలవంక బొమ్మ ఉన్న మీట ఒకటుంది. దాన్ని నొక్కితే కంప్యూటరు ఏ ప్రశ్నా వేయదు. కాసేపు గరగరమని, దీపాలన్నీ ఆర్పుకుని పడుకుంటుంది. చూసేవాళ్ళకి ఆపేసినట్టే ఉంటుంది. మర్నాడు పెడితే మంట ఎక్కడ వదిలిందో అక్కడే, సూది గుర్తుతో సహా ప్రత్యక్షం. ఆ మీట ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తనే కనిపెట్టింది. బతుకులో తనంతట తను కనిపెట్టింది అదొక్కటే కనుక కొంచెం గర్వంగా కూడా ఉండేది. షట్ డౌన్ చేశావా అని కూతురు అడిగితే ఆపేశానే అనేది. అబద్ధమనిపించలేదు. దీపాలు ఆరాయిగా.

సోమవారం సాయంత్రం కూతురు కొలతలన్నీ ముగించుకుని వచ్చి, ఇక మూడు రోజులు కంప్యూటరు నాకు వదిలెయ్యమ్మా అంది. తల్లి సరేనని నెలవంక నొక్కి, గుడ్డ కప్పి, చేత్తో కుట్టే పని ముందేసుకుంది. మంగళ, బుధ, గురువారాలు కూతురు ఆ కుర్చీలోంచి లేచింది తక్కువ. ఇరవై ఒక్క పటాలు గీసింది. తల్లి ఇంత తిండి తెచ్చి పక్కన పెట్టి, నడుం పట్టేస్తుందే అని, కళ్ళు పోతాయే అని, వంతులవారీగా భయపడింది.

శుక్రవారం ఉదయం పదింటికి ముప్పై ఒకటోది పూర్తయింది. కూతురు పద్ధతిగా షట్ డౌన్ చేసి, ముద్ర వేసిన పెన్ డ్రైవ్ తెచ్చుకోవడానికి సర్వే ఆఫీసుకి వెళ్ళింది. పటాలు అందులోనే ఎక్కించి ఇవ్వాలట, దాన్ని అదే రోజు పొద్దున గాని ఇవ్వరట.

కూతురు వీధి మలుపు తిరిగేదాకా చూసి, తల్లి కంప్యూటరు పెట్టింది. ఎర్ర దారం మీట నొక్కింది. మంట ఎక్కడిదక్కడే ఉంది. పాపం నాలుగు రోజులు నాకోసం అలాగే నిలబడిందనుకుని, గంటన్నరలో ఆఖరి నాలుక కూడా ముగించింది. ఇక అంచు కట్టడం ఒక్కటే బాకీ. లోపలి గదిలో భర్త అప్పుడే వచ్చి పడుకున్నాడు. గురక నిలకడగా ఉంది. ఆవిడకి ఆ క్షణాన భయపడటానికి ఏమీ దొరకలేదు.

పన్నెండున్నరకి కూతురు వచ్చింది. "నువ్వు లేవకు, రెండు నిమిషాలు. నీ వైపు నుంచే తీసుకుంటా" అని తల్లి భుజం మీదుగా వంగి, పెన్ డ్రైవ్ గుచ్చి, ఫోల్డరు తెరిచింది.

అందులో తొమ్మిది ఉన్నాయి.

కూతురు మూసి మళ్ళీ తెరిచింది. తొమ్మిదే. వేరే ఫోల్డర్లు చూసింది, పేర్లతో వెతికింది. ఈ వారం గీసిన ఇరవై రెండూ, అసలు గీయనట్టే, జాడ లేవు. "నేనే ఎక్కడో తప్పుచోట పెట్టానేమో" అంది మెల్లగా. ఆ మాట తనకి తనే చెప్పుకుంటున్నట్టు రెండుసార్లు అంది. తర్వాత ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడం తల్లికి తెలిసిన ఊరుకోవడమే. రెండు ఉద్యోగాలు వెనక్కి తిరిగినప్పుడు విన్నదే.

రాగల ఆపదలన్నీ ముందే ఊహించుకున్న మనిషి. నిప్పూ నీళ్ళూ పిడుగూ దొంగలూ, అన్నిటికీ ఏదో ఒక ఏర్పాటు చేసి పెట్టింది. ఇది మాత్రం ఆ జాబితాలో లేదు. ఎలా జరిగిందో ఆవిడకి తెలియదు. కాని కళ్ళు ఎందుకో కీబోర్డు పైవరుసకి పోయాయి.

ఆపిచూడు ఏదో పనిలో పక్క ఊళ్ళో ఉన్నాడు. కూతురు ఫోను బల్ల మీద పెట్టి, అతని మాట గదిలో వినబడేలా చేసి, జరిగినదంతా చెప్పింది. అతను ఈసారి ఆపి చూడమనలేదు.

"ఏదీ నొక్కకండి. ముందొకటి తేలాలి. సోమవారం అక్క దాన్ని ఆపిందా, పడుకోబెట్టిందా?"

"ఆపింది మావయ్యా. మా అమ్మ సంగతి నీకు తెలీదా, ప్లగ్గు కూడా పీకే మనిషి."

"అయితే డిస్కు పోతున్నట్టే. కదపకుండా రేపు తెండి. నాలుగు రోజులు పడుతుంది. దొరికితే దొరుకుతాయి."

"నాకు అయిదింటికి కావాలి."

"పడుకోబెట్టి ఉంటే వేరే సంగతి. పటాలు అక్కడే పడి ఉంటాయి, పాతదానికి కనబడవంతే. గంటలో లాగొచ్చు. కానీ ఆపిందంటున్నావుగా."

తల్లి మిషను మీద చెయ్యి వేసి నిలబడింది. డిస్కు పోయిందంటే ఎవరి తప్పూ లేదు. డిస్కులు పోతూనే ఉంటాయి. ఎప్పుడో పోతుందని తను మొదటినుంచీ చెబుతూనే ఉంది కూడా. ఒక్క నిమిషం తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే చాలు, ఆ నిమిషం దానంతటదే వెళ్ళిపోతుంది. కూతురు అప్పటికే ఫోను అందుకోబోతోంది.

"పడుకోబెట్టాను" అంది.

కూతురు తిరిగి చూసింది.

"ఈ నెలవంక నొక్కి. సోమవారం ఒక్కరోజే కాదు. మంట మొదలుపెట్టినప్పట్నుంచీ."

ఫోనులో ఆపిచూడు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "బతికించావక్కా" అన్నాడు. "అదేనమ్మాయీ జరిగింది. పడుకునే ముందు అది తన గదిలో ఏది ఎక్కడుందో అంతా మనసులో రాసుకుని పడుకుంటుంది. అది నిద్రలో ఉండగా నువ్వు వెళ్ళి సామాను సర్దావు. లేచాక అది గదికేసి చూడదు, మనసులో రాసుకున్నదే చూస్తుంది."

కూతురికి అర్థమైంది. తల్లికి అర్థమయ్యేలా చెప్పింది కూడా తనే, గొంతు పెంచకుండా. "నాన్న పడుకున్నప్పుడు మనం బీరువా జరిపాం గుర్తుందా? లేచి పాతదారిలోనే నడిచి నుదురు కొట్టుకున్నాడు. ఇదీ అంతే. కాకపోతే ఇది నుదురు కొట్టుకోదు, బీరువానే లేదంటుంది." మళ్ళీ తనే, "తలుపు సరిగ్గా వేసి లేదని నా వైపు సిస్టమ్ అడిగి ఉండేది. అడగొద్దని నేనే నోరు మూయించాను" అంది.

తల్లి కూతురి మొహంలోకి చూసింది. తిట్టడానికి దొరికిన సందు అది. వాడుకోలేదు.

ఆపిచూడు గబగబా చెప్పాడు. పటాలు పడి ఉన్న చోటు ఖాళీ అని పాత సిస్టమ్ అనుకుంటోంది. అది నడుస్తున్నంతసేపు ఆ ఖాళీలో తన చిత్తులేవో రాసుకుంటూనే ఉంటుంది. ఏమైనా సేవ్ చేస్తే సరిగ్గా పటాల మీదే పడొచ్చు. షట్ డౌన్ అంటే వెళ్ళేముందు ఇంకా బోలెడు రాసుకుంటుంది. పెన్ డ్రైవ్‌లో దాచుకుందామన్నా, ముందు చిత్తుప్రతి అక్కడే రాసుకుంటుంది. అందుకని ఏమీ నొక్కకుండా, ఏమీ అడక్కుండా, ఉన్నపళంగా ప్లగ్గు పీకేయాలి. ఆ తర్వాత కూతురి వైపు నుంచి, తల్లి వాటా తలుపు తీయకుండా కిటికీలోంచి తడిమి లాగాలి.

"తెర మీద ఏమైనా ఉంటే పోతుంది మరి" అన్నాడు చివర్లో.

తెర మీద మంట ఉంది. పన్నెండు నాలుకలు. ఎరుపు నారింజలోకి, నారింజ పసుపులోకి పళ్ళు పళ్ళుగా దిగి, నిజంగా అంటుకున్నట్టే ఉంది. మిషను మీద ఒకటి కుట్టి చూసుకుందామన్నా నలభై నిమిషాలు పడుతుంది.

"నీది సేవ్ చేసుకున్నావుగా అమ్మా?" అంది కూతురు.

"ఆఁ" అందావిడ.

అని వంగి బల్ల కింద చెయ్యి పెట్టింది. ఉరుములప్పుడు ఇన్నేళ్ళుగా చేసిన పనే, చీకట్లో కూడా చెయ్యి తడబడదు. తెర నల్లబడింది. పెట్టెలో ఫ్యాను కాసేపు తిరిగి ఆగింది. ఆ నిశ్శబ్దానికి లోపలి గదిలో గురక కూడా ఆగింది. "కరెంటు పోయిందా?" అన్నాడు భర్త.

తర్వాతి మూడు గంటల్లో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కూతురు తన వైపు తెరిచింది, ముందుగా తను రాసిన ఆ ముక్క చెరిపేసింది, ఆపిచూడు చెప్పిన ప్రోగ్రాము నడిపింది. పటాలు ఒక్కొక్కటీ రావడం మొదలైంది, పేర్లు లేకుండా, ఉత్త నంబర్లతో. ఏది ఏ వీధో తెరిచి చూస్తే గాని తెలియదు. ఎనిమిది వచ్చేసరికి అరుగు నిండిపోయింది. నలభై చాలలేదు. కూతురు తల్లి వైపు చూడలేదు, ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆవిడకి. మిగతావి ఆఫీసు పెన్ డ్రైవ్‌లోకే నేరుగా లాగారు. ఇరవై ఒకటి దొరికాయి. ఒకటి సగం దాకా వచ్చి కింద బూడిదరంగు చారల్లో కలిసిపోయింది.

ఆ ఒక్కటీ మళ్ళీ గీయాలి. నోటు పుస్తకం తల్లి అందుకుంది. వానకి తడిసి కొన్నిచోట్ల సిరా పాకింది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, ఉతికిన బ్యాడ్జీలో రంగులు పోల్చుకున్న అదే ఓపికతో ఒక్కొక్క అంకె చదివింది. "మూత దగ్గర్నుంచి మలుపు దాకా పద్నాలుగు మీటర్ల ఇరవై. మలుపు దగ్గర లోతు ఒకటీ నలభై. ఒకటీ నలభయ్యేనా? నువ్వు లోపలికి దిగి కొలిచావా ఏం?"

"టేపు దించానమ్మా. తర్వాతది చెప్పు."

నాలుగూ పదికి భర్త వ్యాను తీశాడు. కూతురు పెన్ డ్రైవ్ గుప్పిట్లో పట్టుకుని ముందు సీట్లో ఎక్కింది. వ్యాను వెనకాల ఖాళీ ట్రేలు దడదడలాడుతూ వీధి దాటాయి. ఆవిడ గుమ్మంలో నిలబడి, టైరు పంక్చరు కావడం, రైలు గేటు పడటం, ఆఫీసులో కరెంటు పోవడం, తీసుకునే గుమాస్తాకి కడుపునొప్పి రావడం వరుసగా చూసింది. తర్వాత లోపలికి వచ్చింది.

కంప్యూటరు పెట్టింది. ఎర్ర దారం మీట నొక్కింది. పాత సిస్టమ్ కళ్ళు నులుముకుంటూ లేచింది. ప్రోగ్రాము తెరిచింది. ఖాళీ తెర వచ్చింది. ఆవిడ సొరుగులోంచి కుట్లు విప్పే చిన్న కత్తి తీసి, నెలవంక మీట కిందికి దూర్చి, పాత బొత్తాం తీసినట్టు నెమ్మదిగా పైకెత్తింది. అది టక్కున ఊడి వచ్చింది. దాన్ని బొత్తాల డబ్బాలో పడేసింది. అక్కడ ఏర్పడిన గుంటలోకి దుమ్ము దూరుతుందేమోనని తట్టి, చిన్న టేపు ముక్క అంటించింది.

అప్పుడు నిచ్చెన మొదలుపెట్టింది. మొదటి మెట్టు గీయగానే సేవ్ నొక్కింది. పేరు పెట్టమంది. పెట్టింది. కంప్యూటరు ఇంకేమీ అడగలేదు. రెండో మెట్టు గీసి మళ్ళీ నొక్కింది.

ఆరున్నరకి తండ్రీకూతుళ్ళు వచ్చారు. నాలుగూ యాభై ఒకటికి గుమాస్తా పుచ్చుకుని రసీదు మీద ముద్ర కొట్టాడట. ఏడుగురిలో ఇద్దరు అసలు రాలేదట. ఫలితం నెలన్నరకి చెబుతారట. భర్త ఈ పూట నిద్ర బాకీ పడిందంటూ లోపలికి వెళ్ళిపోయాడు. కూతురు చెప్పులు విడిచి, తల్లి వెనక నిలబడి తెర చూసింది. నిచ్చెనకి అయిదు మెట్లు. వెనక మంట లేదు.

కీబోర్డు మీద టేపు ముక్క కూడా చూసింది.

"ఆఁ అన్నావు" అంది.

"అన్నాను."

"వాళ్ళకెప్పటికి ఇవ్వాలి?"

"వచ్చే గురువారం. రెండోసారి కదా, చెయ్యి తిరుగుతుందిలే."

కూతురు ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. వెలిసిపోయిన బ్యాడ్జీ తీసుకుని దీపం కిందకి వంచి, మంటలో మొదటి నాలుకకి కుట్లు ఎన్నో గోటితో లెక్కపెట్టి చెప్పసాగింది. తల్లి గీస్తోంది. ఇరవై కుట్లకోసారి ఆగి సేవ్ నొక్కుతోంది. మూడో నాలుక దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"ఆ మురుగుకాలువల మూతలు తీసేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉంటారుగా?"

"ఇంకా ఉద్యోగం రాలేదమ్మా."

"వస్తే అంటున్నాను."